జెర్బో మర్యాద

వాగడూగు, గున్‌గిన్ పేట
1994 డిసెంబరు 6

నాన్నకు,

చేరాను. రైల్లో ఒళ్ళు హూనమైంది కానీ మనిషిని బాగానే ఉన్నాను. నీ అన్నయ్య స్టేషనుకి మోపెడ్ మీద తనే వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, వెనక నన్నూ ముందు నా పెట్టెనూ ఎక్కించుకుని, ఊళ్ళో ఉన్న గుంతలన్నీ పరిచయం చేస్తూ ఇంటికి తీసుకొచ్చాడు. గడప దాటగానే పెద్దమ్మ సొరబుర్ర నిండా సజ్జపిండి నీళ్ళిచ్చింది. అది తాగి ఊపిరి పీల్చుకునేదాకా ఎలా ఉన్నావని కూడా అడగలేదు. తర్వాత మాత్రం అడిగింది, అడిగింది, ఇంకా అడుగుతూనే ఉంది. నువ్వు జుట్టుకు రంగేస్తావా అని కూడా అడిగింది. లేదని చెప్పాను, నీ పరువు కాపాడాను.

పోస్టింగు కాగితం వచ్చేలోగా నా దేశం నేను చూసుకుంటానని కదా బయలుదేరాను. సరిహద్దు అవతల, బువాకేలో ఇన్నేళ్ళూ నన్ను బుర్కినావాళ్ళ పిల్ల అన్నారు. ఇక్కడికొస్తే 'దియాస్పో' అంటున్నారు, బయట పుట్టి పెరిగిన సరుకు అని. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. అయినా చూడాల్సినవి ఒక్కటీ వదలడం లేదు. కంచు పోతపోసేవాళ్ళ పేటలో ఒక పూటంతా కూర్చున్నాను. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, మైనం కరిగించి పారబోస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది, అంత అందంగా ఉంది ఆ మైనపు బొమ్మ. శుక్రవారం పొద్దున రాజుగారి కోట ముందు నిలబడ్డాను. గుర్రానికి జీను వేస్తారు, రాజుగారు యుద్ధానికి బయలుదేరతారు, పెద్దలు వద్దు వద్దని బతిమాలతారు, గుర్రానికి జీను విప్పేస్తారు. కొన్ని వందల ఏళ్ళుగా ప్రతి శుక్రవారం ఇదే. ఫోటో తియ్యనివ్వలేదు. నాకు ఒళ్ళు పులకరించింది, నాన్నా. మనకూ ఇంత ఉందా అనిపించింది.

ఒక్కటే బాగాలేదు. జెర్బో అని పక్క సందులో సైకిళ్ళు బాగుచేసే ముసలాడున్నాడు. సామో జాతివాడట, మనలా మోసీ కాదు. రోజూ సరిగ్గా సంకటి దించే వేళకి వస్తాడు. రమ్మని ఎవరూ పిలవరు. వచ్చి పెదనాన్న గిన్నెలో చెయ్యిపెట్టి మాంసం ముక్క తీసుకుంటాడు. "బానిసకి మాంసం ఎందుకురా, అరగక చస్తావు" అంటాడు. పెదనాన్న ఊరుకుంటాడా అంటే, "దొంగ సామోకి పెట్టకపోతే గిన్నె కూడా ఎత్తుకుపోతాడు" అని నవ్వుతాడు. మొదటి రోజే నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఒసే దియాస్పో, మీ నాన్నని నేను ఒక మేక ఇచ్చి కొన్నాను. తర్వాత చూస్తే మేకే నయమనిపించింది" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. నేను లోపలికి వెళ్ళిపోయాను. రేపోమాపో బళ్ళో పాఠం చెప్పబోయేదాన్ని, ఎవడో బానిస అంటే పళ్ళికిలించాలా? పెదనాన్న అంత మెతకమనిషేమిటి?

నీ కూతురు
ఒదిల్


బువాకే
డిసెంబరు 19

ఒదిల్ తల్లీ,

నీ ఉత్తరం మధ్యాహ్నం ఆఫీసులో చదువుకున్నాను. మేక దగ్గరికి వచ్చేసరికి నవ్వాగక బయటికి వెళ్ళాల్సి వచ్చింది. నా పక్క కుర్చీ క్లెమెంట్ ఎవరైనా పోయారేమోనని కంగారుపడ్డాడు.

ముసలాడు ఇంకా బతికే ఉన్నాడన్నమాట. వాడికి చెప్పు, నేను వాణ్ణి కొన్నప్పుడు ఒక కోడిపెట్ట ఇచ్చాననీ, అదికూడా ఎక్కువేనని వాళ్ళమ్మే చెప్పిందనీ.

కోపం తెచ్చుకోకు. సామోలకీ మనకీ వరస. తాతల నాటి వరస. వాళ్ళు మనల్ని తిడతారు, మనం వాళ్ళని తిడతాం, ఎవరికీ కోపం రాకూడదు. అంతే. దీన్ని విడమరిచి చెప్తే ఉప్పు లేని పులుసులా ఉంటుంది, అక్కడే చూసి నేర్చుకో. జుట్టు సంగతి పెద్దమ్మకి సరిగ్గానే చెప్పావు, మెచ్చుకున్నాను.

పోస్టింగు కాగితం ఇంకా రాలేదు. మీ అమ్మ నువ్వు తింటున్నావో లేదోనని నన్ను తింటోంది.

నాన్న


వాగడూగు
1995 జనవరి 23

నాన్నకు,

టెలిగ్రాం అందే ఉంటుంది. పెదనాన్న గురువారం కుట్టుమిషను ముందు కూర్చునే ఒరిగిపోయాడు. ఎవరిదో పెళ్ళి అంగీ సగం కుట్టి ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోగానే అయిపోయింది. బాధపడలేదని డాక్టరు చెప్పాడు. మొహం కూడా ప్రశాంతంగానే ఉంది.

నీకు జ్వరమని అమ్మ మొన్నటి ఉత్తరంలో రాసింది. రాలేకపోయినందుకు మనసు కష్టపెట్టుకోకు. ఇక్కడ నేనున్నాను. ఊరేగింపుకి మనుషులు, గొయ్యి తవ్వేవాళ్ళు, వచ్చినవాళ్ళకి నీళ్ళు, కుర్చీలు అన్నీ నేనే చూసుకున్నాను. పెద్దమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుండిపోయింది, అందుకని నేను కొంచెం గట్టిగా ఉండాల్సి వచ్చింది. శనివారం ఖననం చేశాం. పేటంతా వచ్చింది. అంతా గౌరవంగా జరిగింది. గోరీ దగ్గర ఒక తాగుబోతు కాస్త గొడవ చెయ్యబోతే నేనే పంపించేశాను.

ఇప్పుడు ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. పెద్దమ్మకి తోడుగా ఇంకొన్నాళ్ళు ఉంటాను. కాగితం వస్తే టెలిగ్రాం కొట్టు.

ఒదిల్


బువాకే
ఫిబ్రవరి 4

తల్లీ,

మంచం దిగి రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. చేతులు ఇంకా వణుకుతున్నాయి, అక్షరాలు సర్దుకుని చదువుకో.

మా సిబిరీ అన్నయ్య నాకు నడక నేర్పాడని మా అమ్మ చెప్పేది. నాకు మొదటి లాగు కుట్టింది కూడా వాడే, ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి. వాడి మీద మట్టి వెయ్యడానికి నేను లేకపోయాను. నువ్వున్నావు. నిన్ను పంపడం మంచిదైంది.

కానీ అసలు సంగతి రాయలేదేం? జెర్బో ఏం చేశాడు? ఉత్తరం రెండుసార్లు తిరగేశాను, వాడి పేరే లేదు. నీకు తెలియదు కనక చెప్తున్నాను. మా నాన్న పోయినప్పుడు ఈ జెర్బో వాళ్ళ నాన్న వచ్చి గోతిలో పడుకున్నాడు. ఈ గది నాకు నచ్చింది, మీవాణ్ణి ఇంకెక్కడైనా పెట్టుకోండి అన్నాడు. పుంజుని ఇస్తేగాని లేవనన్నాడు. పుంజుని తెస్తే బక్కగా ఉందని వెనక్కి పంపాడు. మా అమ్మ మూడురోజులుగా నోట్లో నీళ్ళు కూడా పోసుకోని మనిషి, ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వేసింది. ఆ సాయంత్రం కాస్త సంకటి తిన్నది. సామో వచ్చి అల్లరి చెయ్యకపోతే మనలో అది చావే కాదు.

ఆ తాగుబోతు గొడవ పోనీ. జెర్బో ఏం వేషం వేశాడు, ఏం అడిగాడు, వదిన నవ్విందా, అన్నీ వివరంగా రాయి. అది చదివితే వాణ్ణి సాగనంపినట్టుంటుంది నాకు.

నాన్న


వాగడూగు
ఫిబ్రవరి 16

నాన్నా,

నీ ఉత్తరం చదివి తలకొట్టేసినట్టయింది. మూడురోజులనుంచి కలం పట్టుకుంటున్నాను, వదిలేస్తున్నాను. ఇంక దాచి లాభం లేదు.

తాగుబోతు ఎవరూ లేరు. జెర్బో తాగలేదు. ఆరోజు ఆయన నోట ఒక్క చుక్క కూడా పడలేదని పెద్దమ్మ తర్వాత చెప్పింది.

ఆయన గోరీ దగ్గరికి పెదనాన్న పాత కోటు తొడుక్కుని వచ్చాడు. మెళ్ళో పెదనాన్న కొలత టేపు. పెదనాన్న నడిచినట్టే, ఎడంకాలు కాస్త ఈడుస్తూ. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, వచ్చినవాళ్ళ పొట్టలకి టేపు పెట్టి కొలవడం మొదలుపెట్టాడు. "నా ఇంట్లో తిని ఇంత పెంచావా, దీనికి గుడ్డ ఎక్కడనుంచి తేనురా" అన్నాడు పెదనాన్న గొంతుతో. అచ్చం అదే గొంతు. జనం ముసిముసిగా నవ్వుతున్నారు. పెదనాన్న శవపెట్టె అక్కడే ఉంది, నాన్నా, నాలుగడుగుల దూరంలో. ఇంట్లో వేళాకోళం ఆడుకోండి, వరసే అనుకున్నాను. ఈమధ్య నేను కూడా నవ్వడం మొదలుపెట్టాను. కానీ ఒక మనిషి చచ్చిపోయిన చోట కూడానా?

తర్వాత గోతిలోకి దిగి వెల్లకిలా పడుకున్నాడు. నా బానిస నా అనుమతి లేకుండా ఎక్కడికీ పోడు, నాకు కోడిని ఇచ్చి ఆ తర్వాతే తీసుకెళ్ళండి అన్నాడు.

నేను గోతి అంచుకి వెళ్ళి ఆయన కాలర్ పట్టుకుని లాగాను. నీకంటే పెద్దవాడు. ఫ్రెంచిలో అరిచాను, మన భాషలో కూడా కాదు. "సిగ్గులేదా నీకు? మనిషి చచ్చిపోతే నీకు నాటకాలా? బయటికి రా, లేకపోతే పోలీసుల్ని పిలుస్తాను" అన్నాను.

జెర్బో లేచాడు. పైకి రావడానికి ఎవరూ చెయ్యి ఇవ్వలేదు, ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. మట్టి దులుపుకున్నాడు. కోటు విప్పి మడతపెట్టి, పైన టేపు చుట్టి పెట్టి నా చేతికిచ్చాడు. "క్షమించండి మేడమ్" అన్నాడు. వెళ్ళిపోయాడు.

ఒకటి చెప్పాలి, అది చెప్పకపోతే నిన్ను మళ్ళీ మోసం చేసినట్టే. ఆయన పొట్టలు కొలుస్తున్నప్పుడు పెద్దమ్మ నవ్వుతోంది. పైగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు ఊగిపోయేలా నవ్వుతోంది. నేను చూశాను. ఏడుస్తోందనుకున్నాను. నేను అరిచాక ఆ భుజాలు ఆగిపోయాయి. ఆమె ఇప్పటిదాకా నవ్వలేదు.

ఆ రోజునుంచి పేటలో అందరూ నాతో మర్యాదగా ఉంటున్నారు. మూలమీద అలసందలు ఉడికించి అమ్మే తాల్లూ ఆవిడ కూడా సామోయే. ముందంతా నన్ను చూడగానే "వచ్చిందమ్మా మోసీ తిండిపోతు, దాకలు దాచండి" అని అరిచేది. నేను సంకటి నాలుగువేళ్ళతో తింటానని వీధంతా చేసి చూపించేది. ఇప్పుడు నిండుగా కొలిచి, ఇంకో గరిటె వేసి, "తీసుకోండి మేడమ్" అంటుంది. కళ్ళెత్తి చూడదు. ఆ అలసందలు గొంతు దిగడం లేదు. జెర్బో మన వీధిలోకే రావడం మానేశాడు. ఎప్పుడైనా ఎదురుపడితే టోపీ తీసి దణ్ణం పెడతాడు. సాయంత్రం సంకటి దించాక పెద్దమ్మ కాసేపు గుమ్మంవైపు చూస్తుంది. నేను తల దించుకుని తింటాను. భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపిస్తుంది.

ఊరుకోను. ఈ ఆదివారం, క్షమించమని అడిగేవాళ్ళు ఇచ్చే తెల్ల కోలా కాయలూ ఒక కోడీ తీసుకుని, పేట పెద్దని ముందు పెట్టుకుని జెర్బో ఇంటికి వెళ్తాను. కాళ్ళమీద పడమన్నా పడతాను. నీకు ఉత్తరం అందేసరికి ఆ పని అయిపోతుంది.

ఒదిల్


బువాకే
ఫిబ్రవరి 24

ఒదిల్,

క్షమాపణ అడగొద్దు. అడగడానికి వెళ్ళొద్దు. ఈ ఉత్తరం సోమవారం రైల్లో వస్తున్న మనిషి చేత పంపుతున్నాను. ఆదివారం దాటిపోయిందని తెలుసు, ఏదో ఒక కారణం చేత నువ్వు వెళ్ళలేదేమోనన్న ఆశ.

వరసైనవాణ్ణి క్షమించమని అడిగావంటే, వాడు నిజంగానే నిన్ను అవమానించాడనీ, నువ్వు నిజంగానే కోప్పడ్డావనీ, మీరిద్దరూ బయటివాళ్ళనీ ఒప్పుకున్నట్టే. గోతి దగ్గర నువ్వు చేసింది పిల్లచేష్ట. క్షమాపణ మాత్రం పెద్దవాళ్ళు చేసే పని. దాంతో ఆ తలుపు మూసుకుపోతుంది.

తప్పు నాది. 'వరస' అని ఒక్క ముక్క రాసి నవ్వుకుంటూ కూర్చున్నాను. ఈ వేళాకోళం గోతిదాకా వస్తుందని నీకు రాయాలని నాకు తోచలేదు. నీళ్ళు తడిగా ఉంటాయని ఎవరైనా పిల్లలకి చెప్తారా? నీకు చెప్పాల్సింది. నిన్ను నేను ఎక్కడ పెంచానో మర్చిపోయాను. నా కూతురు మా అన్నయ్య గోతి దగ్గర సామో మీద పోలీసుల్ని పిలుస్తానంది. ఈ మాట మీ అమ్మకి కూడా చెప్పలేదు. మొహం చెల్లడం లేదు.

వెళ్ళావా లేదా, వెంటనే రాయి.

నాన్న


వాగడూగు
మార్చి 2

నాన్నా,

వెళ్ళాను.

ఎంత బాగా జరిగిందో చెప్తాను, విను. జెర్బో చాప తీసేసి కుర్చీ వేయించాడు. భార్యని పిలిచి చల్లటి నీళ్ళు తెప్పించాడు. పేట పెద్ద నా తరఫున మాట్లాడాడు, నేను మోకాళ్ళమీద కూర్చుని రెండు చేతులతో కోలా కాయలు ఇచ్చాను. తీసుకున్నాడు. "నా మనసులో ఏమీ లేదు మేడమ్. మీ పెదనాన్నగారు గొప్ప మనిషి" అన్నాడు. వీధి చివరిదాకా సాగనంపాడు. నా గుండెలమీంచి బండ దిగినట్టయింది. ఇంటికి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చి పెద్దమ్మకి చెప్పాను.

పెద్దమ్మ జొన్నలు దంచుతోంది. రోకలి ఆపింది.

"గొప్ప మనిషి అన్నాడా?"

అన్నాడన్నాను.

"జెర్బో? మా ఆయన్ని?" అని, రోకలి గోడకి ఆనించి, "అయితే అయిపోయిందమ్మా" అంది. అప్పటికి కూడా నాకు అర్థం కాలేదు. నీ ఉత్తరం బుధవారం వచ్చింది. అప్పుడు అర్థమైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం విన్నాను కానీ, నేను పట్టుకున్న ఆకులు కూడా నిప్పుల్లో వేసేశాను.

పెద్దమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. నిన్న నేనే అడిగాను, నన్ను తిట్టొచ్చు కదా అని. అప్పుడు చెప్పింది. "రాజుగారి వాకిట్లో ఎండలో నిలబడి ఆచారం చూసొచ్చావు. మురిసిపోయి ఇంటికొచ్చి మాకు వర్ణించి చెప్పావు. ఆచారం రోజూ సాయంత్రం మనింటికి నడిచొచ్చేది, నా చేతి ముద్ద తిని పొయ్యేది. దాన్ని నువ్వు పోలీసుల పేరు చెప్పి తరిమావు." కోపంగా అనలేదు. జొన్నలు చెరుగుతూ అంది. కోపంగా అని ఉంటే బాగుండేది.

వానలు రాకముందే, ఏప్రిల్లో, పెద్దదినం చెయ్యాలని పెద్దలు నిర్ణయించారు. పెదనాన్నని పూర్తిగా సాగనంపేది ఆరోజేనట. సామో లేకుండా చెయ్యడమెలా అని ఒకరు అడిగారు. వేరే వీధి సామోని పిలుద్దామన్నాడు ఇంకొకాయన. పెద్దమ్మ లేచి నిలబడి, "అద్దెకి తెచ్చుకున్న సామో నాకొద్దు. నా మొగుణ్ణి నలభైయేళ్ళు తిట్టినవాడే తిట్టాలి. లేకపోతే నోరు మూసుకుని మట్టిబొమ్మని సాగనంపినట్టు సాగనంపుదాం" అని లోపలికెళ్ళింది. ఎవరూ నావైపు చూడలేదు. ఎంత మర్యాద.

ఆయన్ని ఎలా తెచ్చుకోను? చెప్పు. ఈసారి వివరంగా చెప్పు.

ఒదిల్


బువాకే
మార్చి 15

తల్లీ,

నీ పోస్టింగు కాగితం వచ్చింది. ఇక్కడే ఉత్తరాన ఫెర్కె అవతల ఏదో ఊరు, మే నెలలో చేరాలి. దీంతోపాటే పంపుతున్నాను.

వివరంగా అడిగావు. చెప్తాను. వరస పోయిందంటే ఎవరూ తీసుకోలేదు, నువ్వే పారేసుకున్నావు, నువ్వే ఎత్తుకోవాలి. పెద్దల్ని వెంటబెట్టుకుంటే కుదరదు. పిలవకుండా వెళ్ళాలి, వాడి గిన్నెలో చెయ్యిపెట్టి తినాలి, నలుగురి ముందూ నోటికొచ్చినట్టు తిట్టాలి. వాడు నవ్వకపోవచ్చు. ఇంకా మర్యాద చేస్తాడు. చెయ్యనీ. నీకు సిగ్గుతో ప్రాణం పోయినట్టుంటుంది, అయినా లేచి రాకూడదు. ఇంతకంటే నాకు తెలియదు. ఎవరూ ఇలా పారేసుకోగా నేను చూడలేదు.

పెద్దదినానికి సెలవు అడిగాను, ఇచ్చారు. అయినా రావడం లేదు. కారణం నీకు చెప్పకపోతే నేనూ తాగుబోతు కథ చెప్పినట్టే. నేనొస్తే జెర్బో నన్ను చూసి, నా మొహం కోసం, మా అన్నయ్య మీద గౌరవం కోసం నీ సంగతి తుడిచేస్తాడు. నా వల్ల నీ తప్పు వదిలేస్తాడు, నీ వల్ల కాదు. అప్పుడు నువ్వు వదిన ఇంటికి ఎప్పటికీ చుట్టానివే. మా అన్నయ్యకి రెండోసారి కూడా నేను దక్కలేదు. అది నా సిగ్గు, నేను మోసుకుంటాను. నీది నువ్వు మోసుకో.

నాన్న


వాగడూగు
ఏప్రిల్ 17

నాన్నా,

పెద్దదినం నిన్న జరిగింది.

వారం రోజులుగా పెద్దమ్మ నాకు తిట్లు నేర్పింది. ఎంత దిగజారానో చూడు, టీచరు కాగితం పెట్టెలో పెట్టుకుని పెరట్లో నిలబడి తిట్లు వల్లెవేశాను. గొంతు పెంచమంటుంది, చెయ్యి తిప్పమంటుంది, ఫ్రెంచి కలపొద్దంటుంది. "తిట్టు కూడా బడిలో హాజరు పిలిచినట్టు పిలుస్తావేమే" అంది ఒకరోజు. నేర్పుతున్నంతసేపూ ఒక్కసారి కూడా నవ్వలేదు.

వాకిలంతా జనం. బానల్లో జొన్నకల్లు, పక్కన గినికోళ్ళు వేగుతున్నాయి, డప్పులవాళ్ళు పొద్దున్నుంచీ ఆపలేదు. జెర్బో వచ్చాడు. మామూలు నూనె మరకల చొక్కా కాదు, తెల్లటి పొడుగు అంగీ వేసుకుని, చేతిలో టోపీ పట్టుకుని, అతిథిలాగా వచ్చాడు. పెద్దమ్మకి రెండు చేతులూ చాపి సానుభూతి చెప్పాడు. ఎవరో కుర్చీ వేస్తే కూర్చున్నాడు. గిన్నెలో సంకటీ గినికోడి కూరా పెట్టి ఇచ్చారు. డప్పులవాళ్ళు కూడా ఆయనవైపు చూసి కాస్త నెమ్మదించారు. సామో కుర్చీలో కూర్చున్నాడు, మోసీవాడి పెద్దదినంలో. తాల్లూ అలసందల బేసిన్ నెత్తిమీదనుంచి దించి, ఇటు తిరిగి నిలబడింది.

వెళ్ళాను. "ఈ బానిసకి కుర్చీ వేసిందెవరు?" అన్నాను. అందరికీ వినబడింది.

జెర్బో లేచాడు. కుర్చీ దులిపి నావైపు తిప్పి, "కూర్చోండి మేడమ్" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. చెవులు కాలిపోయాయి. పారిపోదామనే అనుకున్నాను. నువ్వు లేచి రావొద్దన్నావు కనక కుర్చీలో కూర్చోలేదు, వెనక్కి పోలేదు, ఆయన కాళ్ళదగ్గర నేలమీద చతికిలబడి ఆయన గిన్నెలో చెయ్యిపెట్టాను. పెద్ద ముక్కే తీశాను. దొంగ సామోకి తొడముక్క ఎందుకు, ఎవరి ఇంట్లో కొట్టుకొచ్చిన కోడి ఇది అని అన్నాను. పెద్దమ్మ నేర్పిన తిట్లన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోయాయి, వరస కూడా తప్పింది. ఆయన గిన్నె రెండు చేతులతో నా ఒళ్ళో పెట్టాడు. "తినండి" అన్నాడు.

తిన్నాను. ఇంకేం చెయ్యాలో తెలియలేదు. తిట్లు అయిపోయాయి. వాకిలినిండా జనం చూస్తుండగా ఒక ముసలాయన కూడు ఆయన ముందే కూర్చుని తింటున్నాను, ఆయన నిలబడి ఉన్నాడు. ఉప్పగా తగిలితే అప్పుడు తెలిసింది ఏడుస్తున్నానని. ముక్కు కారుతోంది, చేతులు నూనె. తుడుచుకోలేక అలాగే ముద్దలు పెట్టుకున్నాను. అడుగంటా ఊడ్చి తిన్నాను. గిన్నె ఖాళీ అయింది. ఖాళీ గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఇంకా వెక్కుతూనే ఉన్నాను.

జెర్బో వంగి గిన్నెలోకి చూశాడు. తర్వాత నా మొహంలోకి చూశాడు, చాలాసేపు. జనంవైపు తిరిగాడు.

"చూశారా, మోసీవాళ్ళు మనిషి పోతే ఏడవరు. గిన్నె ఖాళీ అయితే ఏడుస్తారు."

నిజం నాన్నా. పెదనాన్న పోయినరోజునుంచి నా కంట్లోంచి ఒక్క చుక్క రాలేదు. కుర్చీలు లెక్కపెట్టాను, నీళ్ళు తెప్పించాను, మీ అందరికంటే గట్టిదాన్నని మురిసిపోయాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, నీకు కూడా. ఆయనకి తెలుసు. ఆరోజు గోతిలోంచి కిందనుంచి నా మొహం చూసింది ఆయనొక్కడే కదా.

ముందు తాల్లూ నవ్వింది. తర్వాత డప్పులవాళ్ళు. తర్వాత నా వెనకనుంచి పెద్దమ్మ గొంతు వినబడింది, నవ్వో ఏడుపో తెలియని గొంతు, ఆపుకోలేక స్తంభం పట్టుకుంది. నేను తలెత్తలేదు. నెత్తిమీద ఒక మొట్టికాయ పడింది. గట్టిగానే వేశాడు, ఇప్పటికీ నొప్పిగా ఉంది.

"ఒసేయ్ తాల్లూ, ఇంకో గిన్నె తే" అన్నాడు. "ఈ బానిసపిల్ల ఏడవాల్సింది ఇంకా చాలా ఉంది."

ఒదిల్